రెంగసామి పెంచాడు, నేను చూశాను

సముద్రపు లార్వాలు పెంచే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నీటి ఉప్పదనం గురించి చెబుతారు, వేడి గురించి చెబుతారు, మేత గురించి చెబుతారు. అసూయ గురించి ఎవరూ చెప్పరు. పక్కవాడి గిన్నెలో పిల్లలు ఈదుతూ ఉంటాయి. మన గిన్నెలో అడుగున తెల్లగా పడి ఉంటాయి. అవే నీళ్ళు, అదే మేత, అదే ఎండ. ఆ పొద్దున ఆ గిన్నె కడుక్కుంటూ పక్కవాణ్ణి తలుచుకునే తలపు ఒకటి ఉంటుంది. నా ఉద్యోగంలో సగం ఆ తలపుతోనే గడిచింది.

నేను తమిళనాడు కోవిల్‌పట్టిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ప్రమోషన్లు, బదిలీలు, ఇన్‌స్పెక్షన్లు ఎవరి ఉద్యోగంలోనైనా ఒకటే, వాటిని వదిలేస్తాను. ఒక ఎండాకాలం గురించే ఎక్కువ రాస్తాను. ఈ పని నిజంగా ఏమిటో నాకు తెలిసింది అప్పుడే.

బస్సులో సముద్రం

మా అమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు చట్రాల్లో పేర్చేది. మేము క్రైస్తవులం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగుకి నోరే గానీ చెయ్యి లేదు. చదవడం, రాయడం నాకు తిరుపతిలో ఎమ్మెస్సీ చదివినప్పుడు వచ్చాయి. అక్కడ హాస్టల్లో నేను నోరు తెరిస్తే అమ్మాయిలు నవ్వేవాళ్ళు, మీ అమ్మమ్మ మాట్లాడినట్టు ఉందని.

ఉద్యోగం వచ్చాక తూత్తుకుడిలో ఒక ప్రొఫెసర్ దగ్గర పరిశోధనకి చేరాను. ఆయన్ని ఇక్కడ గైడు అనే అంటాను. ఆయన నాకిచ్చిన జీవి మాంటిస్ ష్రింప్. రొయ్యకి దూరపు చుట్టం. ముందు కాళ్ళు గొల్లభామలా మడిచి పెట్టుకుని, సముద్రం అడుగున బొరియలో కాచుకుని ఉంటుంది. ఎర దగ్గరికి రాగానే రెప్పపాటులో కొడుతుంది. తూత్తుకుడి రేవులో చేపలతో పాటు కుప్పలుగా పడుతుంది. అక్కడ దాన్ని ఎవరూ కొనరు. ఎండబెట్టి కోళ్ళ మేతకి పంపుతారు.

కోవిల్‌పట్టికి సముద్రం లేదు. అందుకని సముద్రాన్ని బస్సులో తెచ్చేదాన్ని. రేవులో పడవవాళ్ళని బతిమాలి లోపలి నీళ్ళు తెప్పించుకుని, తెల్ల క్యాన్లలో నింపి, ఒట్టపిడారం మీదుగా వచ్చే బస్సు వెనక సీటు కింద దూర్చేదాన్ని. ఒకసారి కొత్త కండక్టర్ సారా అనుకుని మూత తీయించాడు. వేలు ముంచి నాలికకి రాసుకున్నాడు.

"ఉప్పు నీళ్ళమ్మా ఇవి," అన్నాడు తమిళంలో.

"అవును. సముద్రపు నీళ్ళు."

"కోవిల్‌పట్టిలో ఉప్పు దొరకదా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. బస్సంతా నవ్వింది. ఆ తరవాత అతనే క్యాన్లు దించి పెట్టేవాడు.

మా అమ్మకి కూడా అర్థం కాలేదు. ఒక ఆదివారం కాలేజీకి వచ్చి గిన్నెల ముందు నిలబడింది.

"తినేదానికా పెంచుతా ఉండావు?"

"లేదుమా."

"అమ్మేదానికా?"

"అమ్మేదానికీ కాదు."

"మరి ఏమిటికి?"

"ఎట్ల పెరుగుతాదో చూసేదానికి."

అమ్మ ఒక గిన్నె మీదికి వంగి చూసింది. "నిన్ను పెంచేటప్పుడు చూసేదానికి నాకు పొద్దు లేకపోయె," అంది. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్నమాట చెప్పింది.

ఎవరి పిల్ల

గైడు నాకిచ్చిన సమస్య చిన్నదే. తూత్తుకుడి దగ్గర సముద్రంలో సన్నటి వల లాగితే, కంటికి ఆనీ ఆనని జీవాలతో పాటు ఒక రకం లార్వా పడేది. పొడుగ్గా, పల్చగా, గాజు ముక్కలా ఉంటుంది. నీళ్ళలో ఉంటే కనబడదు, రెండు కళ్ళు మాత్రం తొడిమల మీద నిలబడి మెరుస్తుంటాయి. ఆలిమా అంటారు దాన్ని. మాంటిస్ ష్రింప్ పిల్లే అని తెలుసు. కానీ మాంటిస్ ష్రింపుల్లో ఎన్నో జాతులు. తల్లికీ పిల్లకీ పోలికే ఉండదు. పూర్వం శాస్త్రజ్ఞులు పిల్లని చూసి వేరే జంతువనుకుని వేరే పేరు పెట్టారు కూడా.

"ఇది ఎవరి పిల్ల? అది చెప్పు చాలు," అన్నాడు గైడు.

చెప్పడానికి అప్పట్లో మాకున్న దారి ఒక్కటే. దాన్ని బతికించాలి. అది రెండు మూడు నెలలు ఈది, ఎన్నోసార్లు కుబుసం విడిచి, చివరికి ఒకనాడు లార్వా రూపం వదిలేసి అడుగుకి దిగి తల్లి రూపంలోకి వస్తుంది. ఆ కుబుసం దాకా తీసుకెళ్ళగలిగితే ఎవరి పిల్లో తెలిసిపోతుంది.

పని నేర్చుకోవడానికి ముందు రేవులో గుడ్ల తల్లుల్ని తెచ్చాను. తల్లి గుడ్లన్నిటినీ అప్పంలా అతికించి, నోటి కింది చిన్న కాళ్ళతో పట్టుకుని ఉంటుంది. తిప్పుతూ, దులుపుతూ ఉంటుంది. పొదిగినన్నాళ్ళూ తిండి తినదు. నేను తెలివిగా గుడ్లని విడదీసి శుభ్రమైన గిన్నెలో పెట్టాను. బూజు పట్టిపోయాయి. ఇంకో తల్లిని మాటిమాటికీ మూత తీసి చూశాను. బెదిరి గుడ్లు తానే తినేసింది. అప్పటినుంచి తొట్టి మీద నల్ల గుడ్డ కప్పి, చూడాలన్న చేతిని కట్టేసుకున్నాను.

పొదిగిన పిల్లలు మొదట వెలుతురంటే పారిపోతాయి. బొరియలో తల్లి దగ్గరే, ఒంట్లో ఉన్న పచ్చసొన మీద బతుకుతూ ఉంటాయి. అవి నీరసించాయనుకుని దీపం దగ్గరికి తేవద్దు. ఒకటి రెండు కుబుసాల తరవాత వాటికవే వెలుతురు వైపు తిరిగి పైకి వస్తాయి. అప్పుడు మేత వెయ్యాలి, అప్పుడే విడివిడి గిన్నెల్లోకి మార్చాలి కూడా. వేటాడే జాతి కదా, పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి తింటాయి. నా మొదటి గుంపులో మిగిలింది ఒక్కటే, బాగా లావుగా.

రెంగసామి

అదే సమస్యని గైడు ఇంకొకరికి కూడా ఇచ్చాడు. విరుదునగర్‌లో వేరే కాలేజీ లెక్చరర్, రెంగసామి. కావాలనే ఇచ్చాడని నా నమ్మకం. పుంజుల్ని ఎదురెదురుగా వదిలినట్టు వదిలి, నెలకొకసారి మమ్మల్ని పిలిపించి పక్కపక్కన కూర్చోబెట్టేవాడు.

రెంగసామి నాకంటే కొంచెం పెద్ద. వాళ్ళదీ తెలుగిల్లే. నరికుడి వైపు మెట్ట పొలాలున్న కుటుంబం. లాబ్‌లో మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటే మిగతావాళ్ళు తిట్టుకుంటున్నామా అని చూసేవాళ్ళు. అతనికి కారు ఉంది. డ్రమ్ములతో నీళ్ళు తెచ్చుకునేవాడు. వంచిన నడుముతో క్యాన్లు ఎక్కిస్తున్న నన్ను రేవు దగ్గర చాలాసార్లు దాటిపోయాడు. రెండుసార్లు ఆపి ఎక్కించుకున్నాడు. ఆపినప్పుడే ఎక్కువ మండేది.

కారుంది కాబట్టి అతని పిల్లలు బతికాయి అనుకోగలిగితే నాకు హాయిగా ఉండేది. కానీ ఒకసారి అతని కారు చెడిపోయి, నేను తెచ్చిన నీళ్ళలోనే సగం పట్టుకెళ్ళాడు. ఆ నీళ్ళలో అతని పిల్లలు పెరిగాయి. నా సగంలో నావి చచ్చాయి.

చూసొద్దామని విరుదునగర్ వెళ్ళాను. అతను కాలేజీలో కాదు, ఇంట్లో వెనక గదిలో పెంచేవాడు. కిటికీ వారగా వరసగా గాజు గిన్నెలు. అతని భార్య నాగమ్మాళ్ కాఫీ తెచ్చింది. అతనికి స్టీలు గ్లాసులో, నాకు కాగితపు కప్పులో. అతను చూశాడో లేదో నాకు తెలియదు. నేను చూశాను. తాగాను.

అతను మేత వేళ్ళతో చిటికెడు పట్టుకుని, వెయ్యకుండా ఒక్కో గిన్నె ముందూ కూర్చుంటున్నాడు.

"ఏం చూస్తా ఉండారు సార్?"

"ఆకలిగా ఉండేది వేరే మాదిరి ఈదుతాది మేరీ. ఇదో చూడు. దీనికి ఇప్పుడు వద్దు. ఆ పక్కది చూడు, అది అడగతా ఉండాది."

నేను వంగి చూశాను. రెండూ ఒకేలా ఈదుతున్నాయి. చాలాసేపు చూశాను.

"తెలిసిందా?"

"తెలిసింది," అన్నాను.

తెలియలేదు. ఇంతవరకూ తెలియలేదు. మీకు కూడా కొన్ని తెలియవు. పక్కవాడికి తెలుస్తాయి. అది కష్టపడితే వచ్చేది కాదు, పుస్తకంలో ఉండేది కాదు. ఆ సాయంత్రం సాత్తూరు దాకా బస్సులో నిలబడి వస్తూ, పంచేటప్పుడు ఎవరి చేతికి ఏమిస్తున్నావో ఎందుకు చూసుకోవని దేవుణ్ణి అడిగాను.

నాకు ఉన్నది ఒక్కటే, బొమ్మ గీయడం. మైక్రోస్కోపులో చూసింది చూసినట్టు, వెంట్రుక వెంట్రుకకీ గీయగలను. గైడు తన వ్యాసాలన్నిటికీ నాతోనే బొమ్మలు గీయించుకునేవాడు. బొమ్మకేముంది, బతికించడం కదా గొప్ప అనుకునేదాన్ని.

మే నెల

కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న ఏళ్ళవి. వేసవి సెలవులిచ్చారు. వలలో పట్టి తెచ్చుకున్న నా లార్వాలు అప్పటికే పోయాయి. వేడికి గిన్నెల్లో నీళ్ళు గోరువెచ్చనైపోయి, వరసగా మూడు పొద్దుల్లో అన్నీ తెల్లబడ్డాయి. రెంగసామి దగ్గర ఒక్కటే మిగిలిందని, కానీ అది ఆఖరి దశకి వచ్చిందని గైడు ఫోన్లో చెప్పాడు. చెప్పాల్సిన పని లేదు. అయినా చెప్పాడు.

రెండు రోజులకి నాగమ్మాళ్ ఫోన్ చేసింది.

"టీచరమ్మా, ఈయనకి కామెర్లు. మదురై ఆసుపత్రిలో చేర్చినాము. కండ్లు తెరిచేదానికి కూడా ఓపిక లేదు. పురుగుని నువ్వే చూసుకోవల్లంట."

"ఆయన కాలేజీలో వేరేవాళ్ళు లేరా?"

"ఉండారు. ఆయన నీ పేరే చెప్పినాడు."

అది బతికితే అతని పేరు. చస్తే నా పేరు. రెండింటిలో ఏది జరిగినా నాకు దక్కేది లేదు. అది తెలిసే సరేనని ఫోన్ పెట్టేశాను, తెలిసే మర్నాడు మొదటి బస్సెక్కాను.

వెనక గదిలో గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి, ఒక్కటి తప్ప. అందులో నా వేలంత పొడుగు గాజు జీవి నిదానంగా తిరుగుతోంది. అంత పెద్ద ఆలిమాని బతికుండగా నేనెప్పుడూ చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎంత బాగుందో రాయలేను.

ఆ గదిలో ఫ్యాను లేకపోతే కుంపట్లో ఉన్నట్టే. కరెంటు పోయే వేళకి ముందే సంతలో కొన్న మట్టి తొట్టిలో నీళ్ళు పోసి, అందులో గిన్నె నిలబెట్టి, చుట్టూ తడి గుడ్డ చుట్టాను. నాగమ్మాళ్ విసనకర్రతో గుడ్డ మీద విసిరేది. ఆసుపత్రి దగ్గర మరుదులు ఉన్నారు. ఆమె రోజు విడిచి రోజు మదురై వెళ్ళొచ్చేది. నేను పొద్దున వచ్చి చీకటి పడకముందు వెళ్ళేదాన్ని. కొన్ని రోజులకి అక్కడే ఉండిపోయాను. ఎప్పుడో తెలియదు గానీ నా కాఫీ స్టీలు గ్లాసులోకి మారింది.

ఒక మధ్యాహ్నం విసురుతూ అంది, "ఈ పురుగుకి ఎండ తగలకూడదని ఆయన పడే పాట్లు చూసుంటే తెలుస్తాది నీకు. నాకు జరం వస్తే మాత్ర యాడుండాదో కూడా తెలీదు ఆయనకి."

"పురుగు మింద పొరామగా ఉండాదా?" అన్నాను. అసూయకి తమిళంలో వాడే మాట అది, మా ఇళ్ళలో కూడా అదే.

"ఉండాది. దాని మింద ఉండాది, నీ మింద ఇంకా ఉండాది."

"నా మిందా?"

ఆమె లేచి గోడ బీరువా తలుపు తెరిచింది. లోపలి వైపు నా బొమ్మలు అతికించి ఉన్నాయి. గైడు వ్యాసాల్లో అచ్చయినవి, కత్తిరించి, వరసగా. కొన్నిటి పక్కన పెన్సిలుతో అవే గీయబోయి, సగంలో వదిలేసిన గీతలు.

"ఈ చెయ్యి నాకుంటే, ఈ చెయ్యి నాకుంటే అని ఎప్పుడూ ఒకటే పాట. నా వంట బాగుండాదని ఒక్కనాడు అననోడు."

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కోపం వచ్చింది. ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. ఈ ముక్క ఒక్కసారి నాతో అనుంటే నేను ఎన్ని రాత్రులు నిద్రపోయేదాన్ని?

స్పిరిట్ సీసా

లార్వా ఆఖరి కుబుసం దగ్గర పడిందని కంట్లో తెలుస్తుంది. ఈ సంగతి కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోండి. లార్వా కన్ను పెద్దయ్యాక పనికిరాదు. అందుకని చివరి రోజుల్లో ఆ చిన్న కన్ను పక్కనే, అదే తొడిమ మీద, కొత్త కన్ను తయారవుతుంది. కొన్నాళ్ళు రెండూ పక్కపక్కన ఉంటాయి. తరవాత పాతది కరిగిపోతుంది. ఆ రోజు మైక్రోస్కోపులో కొత్త కన్ను స్పష్టంగా కనబడింది. గైడుకి ఫోన్ చేశాను.

"ఇంక ఆలస్యం వద్దు," అన్నాడు. "స్పిరిట్‌లో వేసెయ్, చెడకుండా ఉంటుంది. ఆఖరి దశ చేతికొచ్చింది. బొమ్మ గీయి, అచ్చు వేద్దాం."

"వేస్తే ఎవరి పిల్లో తెలియదు కదా సార్."

"కుబుసం విడిచేటప్పుడే ఎక్కువ చచ్చేది. ఎన్ని పోగొట్టావు, నీకు నేను చెప్పాలా? చచ్చి కుళ్ళితే బొమ్మకి కూడా పనికిరాదు."

"అది రెంగసామి గారిది."

"రెంగసామి నా విద్యార్థి. నేను చెబుతున్నాను."

ఆయన మాటలో తప్పు లేదు. జాగ్రత్త గల మనిషి ఎవరైనా అదే చెబుతాడు. సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను. స్పిరిట్‌లో వేస్తే రెంగసామికి దక్కేది ఒక మామూలు వ్యాసం. సమస్య అలాగే ఉంటుంది. వచ్చే ఏడు నాకు మళ్ళీ అవకాశం. నా చేతికి మచ్చ అంటదు, గైడు చెప్పాడు, నేను చేశాను. అంతకంటే సులువైన గెలుపు నా జీవితంలో మళ్ళీ రాలేదు.

ఎందుకు ఆగానో ఉన్నదున్నట్టు రాస్తాను, ఎందుకంటే మా కాలేజీలో దీన్ని పెద్దమనసు అని చెప్పుకున్నారు. పెద్దమనసు కాదు. దీన్ని ఇప్పుడు చంపితే, ఎప్పుడో ఎక్కడో ఇంకెవరో ఇంకో ఆలిమా ముందు కూర్చుని ఆ మార్పుని మొదటిసారి చూస్తారు. ఆ ఎవరో నేను కాదు. పేరు రెంగసామికి పోతే పోనీ, చూపు కూడా ఎవరికో పోవడం నేను ఓర్చుకోలేకపోయాను. అసూయ ఒక ప్రాణాన్ని కాపాడటం నా ఎరుకలో అదొక్కసారే.

నాగమ్మాళ్‌కి గైడు మాట చెప్పాను, నా మాటా చెప్పాను.

"చస్తే?" అంది.

"చస్తే పొరామతో నేనే చంపినానంటారు."

"అనరా మరి? నేనూ అంటాను." విసనకర్ర తీసుకుని తొట్టి పక్కన కూర్చుంది. "కూర్చో. నేను విసురుతాను."

కుబుసం

రెండో రోజు మధ్యాహ్నం, కరెంటు లేదు. లార్వా ఈదడం మానేసి గిన్నె అడుగుకి జారింది. చచ్చిందనుకున్నాను. నాగమ్మాళ్ విసరడం ఆపి నా ముఖం చూసింది. ఆపవద్దని చెయ్యి ఊపాను.

వీపు మీద గాజు పొర చీలింది. లోపలినుంచి ఇంకో ఒళ్ళు వెనక్కీ ముందుకీ కదులుతూ వచ్చింది. ముందు కళ్ళు ఊడివచ్చాయి, పెద్దవి, కొత్తవి. తరవాత మడిచిన కాళ్ళు ఒక్కొక్కటీ చేతి తొడుగులోంచి తీసినట్టు వచ్చాయి. ఒక కాలు చిక్కుకుంది. అది లాగుతోంది, రావడం లేదు. సూదితో సాయం చేద్దామని చెయ్యి లేచింది. రెంగసామి అయితే ఏం చేసేవాడని ఆలోచించాను. అతను చూస్తూ కూర్చునేవాడు. కూర్చున్నాను. కాలు వచ్చింది.

బయటికి వచ్చింది సగం పొడుగే ఉంది. అంత పొడుగు పిల్ల కుంచించుకుపోయి చిన్న మాంటిస్ ష్రింప్ అయింది. రంగింకా లేదు, పేగులో మేత కనబడుతోంది. కానీ ఆకారం తల్లిది. నీళ్ళలో తేలాల్సిన జీవి ఇక తేలలేదు. అడుగున నడిచింది, గిన్నె అంచు పట్టుకుని దాక్కునే చోటు వెతికింది. గాజు గొట్టం ముక్క ఒకటి జారవిడిచాను. తలతో దూరి, లోపలే ఒళ్ళు మడిచి తిరిగి, ముఖం బయటికి పెట్టి కూర్చుంది. పుట్టి నిండా పావుగంట కాలేదు, బొరియ ఎలా వాడాలో దానికి ఎవరు చెప్పారో.

నాగమ్మాళ్ వంగి చూసింది. "ఇంతేనా?" అంది. కానీ విసనకర్ర చాలాసేపు కింద పెట్టలేదు.

రంగు వచ్చాక, కొట్టే కాలి పళ్ళూ తోక మీది గీతలూ చూసి జాతి తేల్చుకున్నాను. రేవులో కుప్పలుగా పడి కోళ్ళ మేతకి పోయేదే. అంత అందమైన గాజు పిల్ల, మేము రోజూ కాళ్ళతో తొక్కుకుంటూ తిరిగిన దాని పిల్ల.

తరవాత

రెంగసామి ఇంటికి వచ్చేసరికి చొక్కా కొక్కానికి తగిలించినట్టు ఉన్నాడు. కళ్ళింకా పచ్చగానే ఉన్నాయి. నేరుగా వెనక గదిలోకి వచ్చి గిన్నె ముందు కూర్చున్నాడు. అది గొట్టంలోంచి అతన్ని చూసింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"మధ్యాహ్నం. కరెంటు లేదు."

"నువ్వు చూస్తివా?"

"చూస్తిని."

"మొత్తమా?"

"మొత్తం."

"గైడు ఫోన్ చేసినాడు నాకు. స్పిరిట్‌లో వెయ్యమంటే నువ్వు వెయ్యలేదంట." ఆగి, మెల్లగా అన్నాడు, "వేసుంటే బాగుండు."

గుమ్మంలో కాఫీతో నిలబడిన నాగమ్మాళ్ కదల్లేదు.

"అట్ల అనకూడదు," అన్నాడు తనే. "అంటిని. ఉండనీ."

ఆ మాటకి నాకు కోపం రాలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. మా ఇద్దరి మధ్య అబద్ధం లేని మొదటి మాట అదే.

వ్యాసం అచ్చయింది. మొదటి పేరు గైడుది. స్పిరిట్‌లో వెయ్యమన్న మనిషి పేరు ముందు ఎందుకుందని అడిగేంత చిన్నవాళ్ళం కాదు మేము. గైడుల గురించి ఒక్క మాట చెబుతాను. మిమ్మల్ని పక్కవాడితో పోల్చి పని చేయించేవాడికి మీ ఇద్దరి పనీ దక్కుతుంది, మీకు ఒకరికొకరు దక్కరు. దక్కడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది.

రెంగసామి ఆ తరవాత కూడా ఎన్నో ఆలిమాలని ఆఖరి దశకి తెచ్చాడు. కానీ ఆ చివరి కుబుసం ఎప్పుడూ అతను చూడనప్పుడే జరిగేది. భోజనానికి లేస్తే జరిగేది. పెళ్ళికి వెళ్తే జరిగేది. ఒకసారి గిన్నె ముందే కునికి లేచేసరికి అయిపోయింది. నాకైతే ఆ తరవాత ఒక్కటి కూడా ఆఖరి దశ దాకా బతకలేదు. అతని గదిలో అన్ని రోజులు కూర్చున్నా అతని చెయ్యి నాకు రాలేదు. నా బొమ్మలు అతనికి రానట్టే.

కొన్నేళ్ళకి చెన్నైనుంచి ఒక అమ్మాయి వచ్చింది. లార్వా కాలు ముక్క, తల్లి కాలు ముక్క తీసుకెళ్ళి డి.ఎన్.ఏ. పోల్చి, ఏ పిల్ల ఎవరిదో వరసగా చెప్పేసింది. మేమిద్దరం విరుదునగర్ బస్టాండు పక్క టీ కొట్లో కూర్చుని ఆ అమ్మాయి మీద అసూయపడ్డాం. ఇద్దరం కలిసి ఒకే మనిషి మీద అసూయపడటం అదే మొదటిసారి. ఎంత తేలికగా ఉందో.

"ఇంత సులువా?" అన్నాడు.

"ఇంత సులువే."

ఆ అమ్మాయి చేసింది సరైన పని. మీరూ అలాగే చెయ్యండి, నెలల తరబడి గిన్నెలు కడగాల్సిన పని లేదు. కానీ ఒక్కదాన్నైనా పెంచండి. పేరు తెలిసినంత మాత్రాన అది బెదిరితే ఏం చేస్తుందో, దేనికి ఆకలేస్తుందో తెలియదు.

ఇప్పుడు మేమిద్దరం రిటైరయ్యాం. నేను నెలకోసారి విరుదునగర్ వెళ్తాను. నాగమ్మాళ్‌కి కోవిల్‌పట్టి కడలమిఠాయి అంటే ఇష్టం, ఆ పల్లీపట్టి పట్టుకెళ్తాను. మాటలు ఎక్కడ మొదలైనా రెంగసామి చివరికి ఆ మధ్యాహ్నానికే తెస్తాడు.

"ఇంకోసారి చెప్పు మేరీ. ముందు కండ్లా, కాళ్ళా?"

చెబుతాను. పొర చీలడం, కళ్ళు రావడం, చిక్కుకున్న కాలు, అడుగున నడక, గొట్టంలో తిరగడం. ఒక్క ముక్క మార్చకుండా, ఒక్క ముక్క వదలకుండా చెబుతాను. అతను కళ్ళు మూసుకుని వింటాడు. అయిపోయాక కళ్ళు తెరిచి ప్రతిసారీ ఒకే మాట అంటాడు.

"ఇంకేమో దాస్తా ఉండావు నువ్వు."

దాచింది ఏమీ లేదు. నేను చూసిందంతా అతనికి ఎప్పుడో ఇచ్చేశాను. లేదు సార్ అని ఒక్క మాట అంటే ఆ మనిషి ప్రశాంతంగా ఉంటాడు.

నేను అనను. కాఫీ తాగుతూ నవ్వి ఊరుకుంటాను.